బోర్ కొట్టిందని రాస్తే మార్కులు పోతాయా మేడమ్?



నేను మీ పిల్లలకు ఆరో తరగతిలో ఇంగ్లిష్ చెబుతాను. బీఈడీ పూర్తిచేసి ఉద్యోగంలో చేరి ఇది ఐదో సంవత్సరం. పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మావాడు కథల పుస్తకం ముట్టుకోడు, ఏం చేయమంటారు?" అని. "రోజూ ఒక అరగంట దగ్గర కూర్చోబెట్టి చదివించండి" అని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. ఈ టర్మ్‌లో ఒక పుస్తకం గురించి మీ పిల్లలు చెప్పిన మాటలు విన్నాక ఆ జవాబు చాలదనిపించింది. ఇందులో నా పొరపాటు కూడా ఉంది. దాచకుండా చెప్పాలనే ఇది రాస్తున్నాను. పిల్లల పేర్లు మాత్రం రాయడం లేదు. వద్దని వాళ్లే అన్నారు.

రెండు కుక్కలు, ఒక పిల్లి

టర్మ్ మొదట్లో రీడింగ్ పీరియడ్ కోసం లైబ్రరీ నుంచి 'ది ఇన్‌క్రెడిబుల్ జర్నీ' తీసుకున్నాను. రాసినావిడ షీలా బర్న్‌ఫోర్డ్. 1918లో స్కాట్లాండ్‌లో పుట్టి, తర్వాత కెనడా వెళ్లి స్థిరపడ్డారు. పుస్తకం 1961లో వచ్చింది. తన ఇంట్లో పెరిగిన జంతువులనే మనసులో పెట్టుకుని ఆవిడ ఈ కథ రాశారు.

కథ తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. కెనడాలో హంటర్ అనే కుటుంబం ఉంటుంది. ఇంటి పెద్దకు ఇంగ్లండ్‌లో కొన్ని నెలల పని పడుతుంది. వాళ్లకు మూడు పెంపుడు జంతువులు: లూయత్ అనే వయసులో ఉన్న లాబ్రడార్, బాడ్జర్ అనే ముసలి బుల్ టెర్రియర్, టావో అనే సయామీస్ పిల్లి. మూడింటినీ దూరంగా ఉండే జాన్ లాంగ్రిడ్జ్ అనే స్నేహితుడి ఇంట్లో వదిలి వెళ్తారు. ఆయన బాగానే చూసుకుంటాడు. కానీ ఆయన వేటకు వెళ్తూ, ఇంటిపని చూసే ఆవిడకు రాసిపెట్టిన చీటీలో ఒక కాగితం నిప్పులో పడి కాలిపోతుంది. మిగిలిన ముక్క చదివి, జంతువులను ఆయనే వెంట తీసుకెళ్లాడని ఆవిడ అనుకుంటుంది. అప్పటికే ఆ మూడూ పడమటి దారి పట్టాయి. వాటి అసలు ఇల్లు అటువైపే ఉంది. మధ్యలో ఉన్నది అడవి, నదులు, చలి. దూరం సుమారు 300 మైళ్లు, అంటే 480 కిలోమీటర్లు.

క్లాసులో గోడ మీది మ్యాప్ దగ్గరికి వెళ్లి లెక్క చూసుకున్నాం. హైదరాబాద్‌లో బయల్దేరితే దాదాపు నెల్లూరు చేరేంత. "మధ్యలో హైవే, ధాబా ఏమీ ఉండవా మేడమ్?" అని అడిగాడు ఒకడు.

వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున నేను పైకి చదివేదాన్ని. కష్టమైన వాక్యం వస్తే ఆగి విడమరిచి చెప్పేదాన్ని. లైబ్రరీలో ఒకటే కాపీ ఉంది కాబట్టి పిల్లలు వంతులు వేసుకుని ఇంటికో, హాస్టల్‌కో తీసుకెళ్లేవారు.

34 పేపర్లు, ఒకే అభిప్రాయం

పుస్తకం అయిపోయాక రివ్యూ రాయమన్నాను. ఎలా రాయాలో కూడా నేనే బోర్డు మీద రాసి పెట్టాను: టైటిల్, రచయిత్రి, పాత్రలు, కథ, నీతి, పది కొత్త పదాలు, చివర 'మై ఒపీనియన్' కింద మూడు వాక్యాలు.

34 పేపర్లు వచ్చాయి. ఆదివారం దిద్దడానికి కూర్చున్నాను. ఒకటి తీస్తే, "ఇట్ ఈజ్ ఎ వెరీ నైస్ స్టోరీ. ఐ లైక్ ఇట్ వెరీ మచ్. మోరల్: యూనిటీ ఈజ్ స్ట్రెంగ్త్" అని ఉంది. రెండోదీ అంతే, పదోదీ అంతే. చేతిరాత బాగుంది, స్పెల్లింగులు బాగున్నాయి. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిదిన్నర వేసుకుంటూ పోయాను.

ఒక పేపర్ దగ్గర ఆగాను. "స్టోరీ ఈజ్ బోరింగ్ ఇన్ మిడిల్. టూ మచ్ ట్రీస్. క్యాట్ ఈజ్ గుడ్." నీతి అని రాసిన చోట "నో మోరల్." పదికి నాలుగు వేశాను. పక్కన ఎర్ర ఇంకుతో "రైట్ ప్రాపర్లీ" అని రాశాను.

మర్నాడు పేపర్లు పంచాక ఆ అబ్బాయి నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. ముఖంలో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "బోర్ కొట్టిందని రాస్తే మార్కులు పోతాయా మేడమ్?"

"అలా కాదు నాన్నా, ఎందుకు బోర్ కొట్టిందో రాయాలి కదా" అని తప్పించుకోబోయాను.

వాడు పుస్తకం అడిగి తీసుకున్నాడు. పేజీలు తిప్పి వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా మేడమ్. చెట్లు, కొండలు, చలి, మళ్లీ చెట్లు. వీటికి ఏమీ జరగదు. మీరు కూడా ఇక్కడ రెండు పేరాలు వదిలేశారు."

నిజమే. ఆ రోజు బెల్లు కొట్టే టైమైందని గబగబా రెండు పేరాలు దాటేశాను. ఎవరూ గమనించలేదనుకున్నాను. వాడు తన వంతు వచ్చినప్పుడు పుస్తకం హాస్టల్‌కి తీసుకెళ్లి, నేను చదివినదాన్ని సరిచూసుకున్నాడు. తొమ్మిదులు వచ్చినవాళ్లలో చాలామంది కంటే శ్రద్ధగా చదివినవాడికి నేను నాలుగు వేశాను.

ఆ సాయంత్రం నా బీఈడీ రికార్డులు గుర్తొచ్చాయి. "విద్యార్థి తన అభిప్రాయాన్ని సొంత మాటల్లో వ్యక్తం చేయగలుగుతాడు" అని లెసన్ ప్లాన్‌లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. రికార్డు నీట్‌గా ఉందని మంచి మార్కులు కూడా వచ్చాయి. తీరా ఒక పిల్లాడు సొంత మాటల్లో చెప్పేసరికి ఎర్ర పెన్ను తీశాను.

గుండ్రంగా కూర్చున్న రోజు

తర్వాతి రీడింగ్ పీరియడ్‌లో బెంచీలు పక్కకు జరిపి అందరినీ గుండ్రంగా కింద కూర్చోబెట్టాను. మూడు మాటలు చెప్పాను. దీనికి మార్కుల్లేవు. నీతి అక్కర్లేదు. తెలుగులో చెప్పినా పర్వాలేదు.

మూడో మాట చెప్పేటప్పుడు నాకే కొంచెం జంకుగా అనిపించింది. తెలుగు వినబడితే చాలు "ఇంగ్లిష్ ప్లీజ్" అని ఆపేది నేనే. మీరు ఇంత ఫీజు కట్టి పంపేది ఇంగ్లిష్ బాగా రావాలనే అని నాకు తెలుసు. కానీ ఆ 34 పేపర్లలో ఉన్న ఇంగ్లిష్ పిల్లలది కాదు. నేను నేర్పిన మూడు వాక్యాలను నాకే తిరిగి ఇచ్చేశారు.

మొదట ఎవరూ నోరు విప్పలేదు. "నిజంగా మార్కుల్లేవా మేడమ్?" అని రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసుకున్నారు. ఆ తర్వాత వాళ్లను ఆపడం నా వల్ల కాలేదు.

ముందు గొడవ పిల్లి గురించి. "పిల్లి అంత దూరం వెళ్లదు మేడమ్. మా అమ్మమ్మ వాళ్లు ఇల్లు మారితే వాళ్ల పిల్లి పాత ఇంట్లోనే ఉండిపోయింది. కుక్కకి మనిషి కావాలి, పిల్లికి ఇల్లు కావాలి" అంది మొదటి వరుసలో అమ్మాయి. "మరి పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారుగా, దానికి తిరగడం రాదా?" అని ఇంకొకడు. "మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పిల్లి, వాచ్‌మన్ వాళ్ల కుక్క పక్కనే పడుకుంటుంది" అని మరొకరు సాక్ష్యం. చివరికి ఒకమ్మాయి మెల్లగా అంది: "టావో ఇంటి కోసం వెళ్లలేదేమో. బాడ్జర్ కోసం వెళ్లిందేమో." ఎలుగుబంటి పిల్ల చేతిలో దెబ్బలు తిని ముసలి కుక్క పడిపోయినప్పుడు, టావో దానికి వేటాడి తెచ్చిపెట్టిన సంగతి గుర్తుచేసింది. ఓటు పెడితే పిల్లి గెలిచింది.

ఆ వేట మాట మీద ఇంకో గొడవ. "పిట్టల్ని చంపడం నాకు నచ్చలేదు. ఆ పేజీలు నేను చదవలేదు" అంది ఒక పాప. "మరి ఆకలితో బాడ్జర్ చచ్చిపోతే నచ్చుతుందా?" అని అడిగాడు పక్కవాడు. పాప జవాబు చెప్పలేదు. నా దగ్గరా జవాబు లేదు. అలాంటి ప్రశ్నను అలాగే వదిలేయడం నాకు కొత్త.

తర్వాత జంతువుల మాటలు. పంచతంత్రంలో నక్క, కాకి, కొంగ అన్నీ మాట్లాడతాయి. ఈ పుస్తకంలో ఒక్కటి కూడా మాట్లాడదు. కొందరికి అది లోటుగా అనిపించింది. "మాట్లాడకపోతే వాటి మనసులో ఏముందో రైటర్‌కి ఎలా తెలుసు?" అని ఒకడు నిలదీశాడు. ఈ కథను 1963లో ఒకసారి, 1993లో ఇంకోసారి సినిమాగా తీశారు. రెండోదాంట్లో జంతువుల పేర్లు మార్చి, వాటికి మాటలు కూడా పెట్టారు. దాన్ని ఇంట్లో చూసొచ్చిన అమ్మాయి ఒకరుంది. "సినిమాలో జోకులు బాగున్నాయి మేడమ్. కానీ మాట్లాడుతుంటే అవి మనుషుల్లా ఉన్నాయి. పుస్తకంలో కుక్కల్లా ఉన్నాయి" అంది. పదకొండేళ్ల పిల్ల ఒక్క ముక్కలో చెప్పిన ఈ తేడా చెప్పడానికి నేనైతే బోర్డు నిండా రాసేదాన్ని.

తప్పెవరిది అన్నదానికి క్లాసు రెండుగా చీలింది. చీటీ జాగ్రత్తగా పెట్టని లాంగ్రిడ్జ్‌దే తప్పని సగం మంది. సగం చీటీ చదివి మిగతాది ఊహించుకున్న ఆవిడదే తప్పని సగం మంది. "వాట్సాప్ ఉండుంటే ఈ కథే ఉండేది కాదు" అని ఒకడు తేల్చేశాడు.

ముగింపు గురించి కూడా చెప్పాలి. ముందు లూయత్, టావో రెండూ వస్తాయి. ముసలి బాడ్జర్ ఇక రాదని పీటర్ అనే అబ్బాయి ఆశ వదిలేసుకుంటాడు. అప్పుడు అది వస్తుంది. ఆ పేజీ చదివిన రోజు క్లాసంతా చప్పట్లు కొట్టారు. కానీ ఇప్పుడు ఒకడు చెయ్యెత్తి, "బాడ్జర్ రాకపోతే నిజం కథలా ఉండేది" అన్నాడు. అందరూ వాడి మీద విరుచుకుపడ్డారు. "నేను రావద్దనలేదు. నిజంగా అయితే రాదు అంటున్నా" అని వాడు ఒంటరిగా నిలబడ్డాడు. వాళ్లింట్లో కుక్క కిందటేడు పోయిందని తర్వాత తెలిసింది.

వెనక వరుసలోంచి

టావో నదిలో కొట్టుకుపోయినప్పుడు హెల్వీ అనే చిన్నమ్మాయి దాన్ని కాపాడుతుంది. చెవులు వినబడని దాన్ని దగ్గర పెట్టుకుని సాకుతుంది. వినికిడి తిరిగొచ్చాక అది ఒక రాత్రి వెళ్లిపోతుంది. "అది అన్యాయం మేడమ్. అంత బాగా చూసుకుంటే చెప్పకుండా పోతుందా?" అంది హెల్వీ వయసు అమ్మాయి ఒకరు.

అప్పుడు వెనక కూర్చున్న అబ్బాయి అన్నాడు: "వాటికి కూడా ఎవరూ చెప్పలేదు కదా."

"ఏం చెప్పలేదు?" అన్నాను.

"లాంగ్రిడ్జ్ మంచోడే. తిండి పెట్టాడు, బయట తిప్పాడు. కానీ వాళ్లవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో వాటికి ఎవరూ చెప్పలేదు. అందుకే పోయాయి."

"చెప్తే మాత్రం కుక్కలకి అర్థమవుతుందా రా?" అని పక్కవాడు నవ్వాడు.

"కుక్కలకి అవ్వదు. మనకి అవుతుంది కదా" అన్నాడు వీడు.

ఎవరూ నవ్వలేదు. ఆ అబ్బాయి ఈ ఏడే హాస్టల్లో చేరాడు. వాడి రివ్యూకి నేను తొమ్మిది వేశాను. "యూనిటీ ఈజ్ స్ట్రెంగ్త్" అని రాసిన పేపర్లలో వాడిదీ ఒకటి.

నేనూ ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో ఉన్నదాన్నే. ఆదివారం పొద్దున తలంటు పోసుకుని, మైకులో నా పేరు పిలుస్తారేమోనని వరండాలో నిలబడటం నాకు తెలుసు. అయినా ఆరు వారాలు ఆ పుస్తకం చదివి వినిపిస్తూ, ఈ మాట నాకు తట్టలేదు.

తర్వాతి అవుటింగ్ ఆదివారం వాళ్లమ్మగారు వచ్చినప్పుడు కలిసి చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. "చేర్చిన రోజు బాగా ఏడ్చాడమ్మా. ఊరుకోబెట్టడానికి వచ్చే వారమే వస్తామని చెప్పి వెళ్లిపోయాం. వచ్చింది దసరాకి" అన్నారు. ఆ తర్వాత, "ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా? నాకు ఇంగ్లిష్ రాదు గానీ, వీడు చెబితే వింటాను" అన్నారు.

పుస్తకం ఇచ్చాను. ఆ మధ్యాహ్నం వేపచెట్టు కింద వాడు పేజీ చూసుకుంటూ తెలుగులో చెబుతుంటే ఆవిడ వింటూ కూర్చున్నారు. వెళ్లేటప్పుడు వాడి నోట్సు చివరి పేజీలో మళ్లీ వచ్చే తేదీ రాసి పెట్టారు. ఆ తేదీకి రాలేకపోయారు. కానీ ముందురోజే ఫోన్ చేసి, ఎందుకు రాలేకపోతున్నారో, ఎప్పుడొస్తారో వాడితోనే చెప్పారు. వాడు ఏడవలేదని చెప్పను. గేటు దగ్గర మాత్రం నిలబడలేదు. ఆవిడ రాయమన్నాకే ఇది రాస్తున్నాను.

ఇంట్లో మీరు అడిగేటప్పుడు

"ఈ యాక్టివిటీకి వెయిటేజీ ఎంత మేడమ్?" అని ఒక తండ్రిగారు అడిగారు. ఏమీ లేదు సార్. అయితే ఒకటి చెప్పాలి. ఆ రోజు మాట్లాడుకున్నాక అదే రివ్యూ మళ్లీ రాయమన్నాను, ఈసారి బోర్డు మీద ఏమీ రాయకుండా. ఇంగ్లిష్‌లోనే రాశారు. తప్పులు మొదటిసారి కంటే ఎక్కువే ఉన్నాయి, ఎందుకంటే బట్టీ వాక్యాల్లో తప్పులు ఉండవు. కానీ మూడు లైన్లు రాసినవాళ్లు అరపేజీ, ముప్పావు పేజీ రాశారు. చెప్పాల్సింది ముందు తెలుగులో దొరికింది కాబట్టి, దానికి ఇంగ్లిష్ మాటలు వాళ్లే వచ్చి అడిగారు. 'నాకు కోపం వచ్చింది', 'నాకు బాధేసింది' అన్న రెండిటికీ 'శాడ్' సరిపోదని ఒకమ్మాయి వాదించింది. బోర్ కొట్టినవాడి పేపర్లో 'టూ మచ్ ట్రీస్' పోయి 'టూ మెనీ ట్రీస్' వచ్చింది. నేను చెప్పలేదు, వాడే డిక్షనరీ చూసుకున్నాడు. పాత నాలుగు కొట్టేసి ఎనిమిది వేశాను. కింద, రెండు పేరాలు వదిలేసినందుకు సారీ అని కూడా రాశాను.

అందుకే మీకు నా మనవి. పిల్లలు పుస్తకం పూర్తి చేసినప్పుడు "నీతి ఏంటి?" అని అడగకండి. ఆ జవాబు వాళ్ల దగ్గర ఎప్పుడూ రెడీగా ఉంటుంది. "ఎక్కడ ఆపేద్దామనిపించింది? ఎవరి మీద కోపమొచ్చింది? నువ్వైతే ఏం చేసేవాడివి?" అని అడిగి చూడండి. మీకు ఏ భాషలో మాట్లాడుకోవడం అలవాటో ఆ భాషలోనే. "బోర్ కొట్టింది" అంటే "ఇంత డబ్బు పెట్టి కొంటే బోరా?" అనకండి. ఎక్కడ కొట్టిందో చూపించమనండి. చూపించగలిగితే వాడు చదివినట్టే. సగంలో ఆపేసినా ఫర్వాలేదు, ఎందుకు ఆపాడో చెబితే చాలు.

ఒక్కోసారి వచ్చే జవాబు పుస్తకం గురించి కాకపోవచ్చు. వెనక వరుసలో ఆ అబ్బాయి జవాబు అలాంటిదే. నేను మార్కులు, నీతి అడిగినంత కాలం అది నా దాకా రాలేదు. మీరు అడిగితే మీ దాకా రావచ్చు. వచ్చినప్పుడు వెంటనే సర్దిచెప్పకుండా ఒక్క నిమిషం వినండి.

వచ్చే టర్మ్‌కి ఏ పుస్తకం చదవాలో పిల్లలే ఓటేసి ఎంచుకుంటారు. చెట్లు తక్కువ ఉండాలని ఒకడు ఇప్పటికే షరతు పెట్టాడు.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్,
ఆరో తరగతి